నీడను మోయు అక్షరములు

అక్షరమునకు స్వతహాగా నీడ లేదు. కాగితముపై సిరా పూతయే కాని, దానికి మందము లేదు, వెనుకవైపు లేదు. అయినను ప్రాత నాటకశాలల, సర్కసుల గోడప్రకటనలు చూచినవారికి అక్షరములు కాగితమునుండి లేచి నిలిచినట్లు తోచును. చుట్టును సన్నని అంచుగీత, ఒక ప్రక్కగా క్రిందికి వాలిన నీడ: ఈ రెండే ఆ భ్రమకు మూలము.

లండనులో టైపు ఫౌండ్రీ యజమానియగు విన్సెంటు ఫిగిన్సు 1815లో వెలువరించిన మాదిరి పుస్తకమున ఇట్టి నీడగల పెద్ద అక్షరములను చేర్చెను. దానికి బలమైన కారణమే కలదు. అంతవఱకు అచ్చక్షరములు ముఖ్యముగా పుస్తకము చేతబట్టి చదువువానికొఱకు పుట్టినవి. యంత్రములు సరుకును కుప్పలుగా పోయుచున్న ఆ కాలమున, వీథిని పోవువానిని నిలువరించు అక్షరము కావలసివచ్చెను. ఒకే గోడపై పలు ప్రకటనలున్నపుడు, ముందునకు వచ్చినట్లు కనబడునదే గెలుచును.

పెద్ద అక్షరములను లోహముతో పోసిన బరువు హెచ్చు, వెలయు హెచ్చు. 1827లో న్యూయార్కున డేరియసు వెల్సు కొయ్య అక్షరములను యంత్రముతో విరివిగా చెక్కు ఉపాయము కనిపెట్టెను. 1874లో కనెక్టికటు రాష్ట్రమునకు చెందిన విలియం పేజి రంగుల కొయ్య అక్షరముల మాదిరి పుస్తకమును ప్రకటించెను. ఇట్టివానిలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క దిమ్మ యుండును. దిమ్మ ఏ కొంచెము జరిగినను అక్షరము చెదరును. అమెరికాలోనే 1930ల దశకమున హంటరు మిడిల్టను రూపొందించిన ‘అంబ్రా’ మఱింత విచిత్రము. లాటినులో ఆ మాటకు నీడ యని అర్థము. అందు ఒడలు లేదు, అంచు లేదు, నీడయే కలదు. లేని అక్షరమును చదువరి కన్నే పూరించుకొనును.

మన సినిమా పోస్టర్లపై చిత్రకారులు ఈ అలంకారమును కుంచెతో తెలుగు లిపికిని తొడిగిరి. ఇచ్చట చిక్కు వేఱు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు ఒకే గీతపై నిలుచును. వాని క్రింద చోటు ఖాళీ. తెలుగు అక్షరము క్రింద ఒత్తులుండును, పైన గుడులుండును. నీడ వాలు చోటనే ఒత్తు కూర్చుండును. పకారపు తలకట్టు ఒడలికి అంటదు; వకారపుది అంటును. దళసరి అంచు ఆ సందును పూడ్చెనా, ‘పరము’ కాస్త ‘వరము’ అగును. కావుననే నేర్పరియగు చిత్రకారుడు ఒకచోట నీడను కత్తిరించును, ఒకచోట ఒత్తును జరుపును.

నేడు కంప్యూటరు ఫాంటులలో ఒడలు, అంచు, నీడ వేర్వేఱు పొరలుగా నిలుచుచున్నవి. పేజి దిమ్మల సూత్రమే ఇది. ఒక్క మీట నొక్కిన అన్ని అక్షరములకును ఒకే కొలత నీడ పడును. కాని పరమునకును వరమునకును గల భేదము ఆ మీటకు తెలియదు. అది ఫాంటును రూపొందించువాని కంటికి తెలియవలెను. నీడ ఎచట ఆగవలెనో ఎఱుగుటయే ఈ కళలో సగము.