ఆర్-101: ఫైలులో మిగిలిన హెచ్చరిక

గాలికంటె తేలికైనది గాలిలో పైకి తేలుతుందన్నది మనమంతా ఫిజిక్సులో చదువుకున్నదే. ఒక ఘనమీటరు హైడ్రోజన్ సుమారు 1.1 కిలోల బరువును ఎత్తగలదు. ఈ చిన్న సూత్రాన్ని నమ్ముకుని బ్రిటిషు ప్రభుత్వం ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో ఆర్-101 అనే ప్రయాణీకుల గాలి ఓడను కట్టించింది. పొడవు 777 అడుగులు. లోపలి సంచుల్లో 55 లక్షల ఘనపుటడుగుల హైడ్రోజన్!

1930 అక్టోబరు 4 సాయంత్రం అది 54 మందితో కరాచీకి బయలుదేరింది. ఆనాడు కరాచీ మన దేశంలోదే. ఈ ఓడ కోసం అక్కడ పెద్ద షెడ్డు కూడా కట్టి ఉంచారు. కాని ఓడ ఫ్రాన్సు దాటలేదు. తెల్లవారుజామున రెండు దాటాక, గాలివానలో, బోవే పట్టణం దగ్గర నేలను తాకి మండిపోయింది. 48 మంది చనిపోయారు. విమానశాఖ మంత్రి లార్డ్ థామ్సన్ వారిలో ఒకడు.

ఆనాటి ప్రభుత్వ కాగితాలు ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ కథలో నన్ను ఆలోచింపజేసింది మంటల సంగతి కాదు, ఒక ఉత్తరం. ప్రమాదానికి మూడు నెలల ముందు, 1930 జూలై 3న, మెక్‌వేడ్ అనే ఇన్‌స్పెక్టరు పై అధికారికి రాసినది.

ఆ గ్యాస్ సంచుల లోపలి పొర ఎద్దుల పేగులతో చేసింది. ఓడ ఎక్కువ బరువు మోయాలని సంచుల్ని పట్టి ఉంచే తీగల్ని వదులు చేశారు. దాంతో సంచులు ఉబ్బి, లోహపు చట్రానికి రాసుకుని చిల్లులు పడసాగాయి. రాపిడి ఉన్న ప్రతిచోటా మెత్తలు కట్టడం సరైన మందు కాదనీ, ఇది తేలేదాకా ఎగరడానికి అనుమతి సిఫారసు చేయలేననీ ఆయన రాశాడు. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ పుండుపడితే గుడ్డ చుట్టి ఊరుకుంటే చాలదు, కాడినే సరిచెయ్యాలని మా రైతులకు తెలుసు. మెక్‌వేడ్ చెప్పిందీ అదే.

పై అధికారి ఏం చేశాడు? ఓడను కట్టిస్తున్నవారినే అభిప్రాయమడిగాడు. మెత్తలతో సరిపోతుందని వారన్నారు. విషయం అంతటితో సరి. మరోవైపు థామ్సన్, లండన్‌లో జరిగే సామ్రాజ్య సమావేశానికి ఇండియా నుంచి తిరిగి రావాలి, తేదీ మార్చడానికి వీల్లేదన్నాడు. ఓడను మధ్యకు కోసి పొడవు పెంచాక, పూర్తి వేగంతో ఒక్కసారైనా నడిపి చూడకుండానే పంపేశారు.

విచారణ జరిపింది ఎవరో తెలుసా? సర్ జాన్ సైమన్! 1928లో "సైమన్, గో బ్యాక్" అని మనవాళ్ళు నినదించినదీ, మద్రాసులో ప్రకాశం పంతులుగారు తుపాకులకు గుండె చూపించినదీ ఈయన కమిషన్ వచ్చినప్పుడే. 1931 నాటి ఆయన నివేదిక, ముందు భాగంలోని సంచులనుంచి గ్యాస్ పెద్దయెత్తున పోవడమే ప్రమాద కారణమని తేల్చింది. ప్రభుత్వ విధానపరమైన కారణాలు లేకపోతే ఆ రోజున ఓడ బయలుదేరేది కాదని కూడా ఒప్పుకుంది. ఆ తర్వాత బ్రిటన్ గాలి ఓడల ప్రయత్నమే మానుకుంది.

మిత్రులారా, రేపు మనలో కొందరం ఇంజనీర్లం, ఇన్‌స్పెక్టర్లం అవుతాం. మెక్‌వేడ్‌లాగ రాసే ధైర్యం అవసరమే. అంతకంటె అవసరం, అలాంటి ఉత్తరం మన బల్లమీదికి వచ్చిన రోజున, పని చేసినవాణ్ణే బాగుందా అని అడిగి ఫైలు కట్టేయకుండా, మనమే లేచి వెళ్ళి చూడడం.