రంగస్థలం మీద పోలీసు వేషం

మండపేట వంటి గోదావరి పట్టణాలలో పాఠశాల వార్షికోత్సవమంటే ఏకాంకిక తప్పదు. అందులో లంచం పుచ్చుకొనే కానిస్టేబులు వేషం ఉన్నదంటే, లాఠీ పట్టుకొని బాలుడు ప్రవేశించగానే సభ గొల్లుమంటుంది. ఒకప్పుడు ఆ నవ్వు నవ్వించినవారిని చెరసాల ముంగిట నిలబెట్టినది.

1876 ఆరంభంలో వేల్సు యువరాజు కలకత్తా వచ్చినపుడు ఒక వకీలు ఆయనను ఇంటికి ఆహ్వానించి, అంతఃపుర స్త్రీలచేత స్వాగతం చెప్పించినాడు. గ్రేట్ నేషనల్ థియేటరువారు ఆ సంగతిని ప్రహసనంగా ఆడినారు. పోలీసులు ఆపివేసినారు. పేరు మార్చి ఆడితే మరల ఆపివేసినారు. అంతట దర్శకుడు ఉపేంద్రనాథ దాసు పోలీసులనే రంగమెక్కించినాడు. కమిషనరు పేరు హాగ్, సూపరింటెండెంటు పేరు లాంబ్. ఆంగ్లంలో మొదటిది పందిని స్ఫురింపజేస్తుంది; రెండవది గొర్రెపిల్ల. కొత్త ప్రహసనానికి ‘పంది, గొర్రెల పోలీసు’ అని అర్థమిచ్చే పేరు పెట్టినాడు. మన చాటుకవులు విని ఉంటే మెచ్చుకొని ఉండెడివారు.

కొద్దిదినాలకే పోలీసులు నాటకశాలలో చొరబడి దాసును, అమృతలాల్ బోసును, మరికొందరిని నిర్బంధించినారు. మోపిన నేరం మాత్రం పోలీసులను ఎగతాళి చేయడం కాదు. వేరొక నాటకంలో అశ్లీలమున్నదట! ఇరువురికీ నెలరోజుల శిక్ష పడినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. న్యాయస్థానంలో ఓడిన ప్రభుత్వం ఆ డిసెంబరులో నాటక ప్రదర్శనల శాసనం తెచ్చినది. నిషిద్ధ నాటకం ఆడేచోటికి పోలీసులు వారంటుతో వెళ్ళి నటులను పట్టుకొనవచ్చును. తెరలను, దుస్తులను సైతం స్వాధీనపరచుకొనవచ్చును. వెక్కిరింపునకు గురియైనవాని చేతికే తెర త్రాడు అందినదన్నమాట.

స్వరాజ్యం వచ్చినా శాసనం పోలేదు. పాలకుల అలవాటూ పోలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన ‘మా భూమి’ దేశముఖుల దౌర్జన్యాన్ని, వారికి అండయైన నిజాము పాలనను ఎత్తిచూపినది. ప్రజానాట్యమండలి దళాలు దానిని ఊరూరా ఆడినవి. నిజాము తన రాజ్యంలో నిషేధించినాడంటే అర్థమున్నది. 1948లో నిషేధించినది మద్రాసులోని స్వతంత్ర భారత ప్రభుత్వం!

1953లో లక్నోలో ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్గాహ్’ను నాటకంగా ఆడినవారిపై ఇదే శాసనం క్రింద కేసు నడిచినది. ఆ కథ ఉపాధ్యాయులకు తెలిసినదే: సంతలో బొమ్మలు మాని, రొట్టెలు కాల్చే అవ్వ చేయి కాలకుండా పట్టకారు కొన్న అనాథ బాలుని కథ. అందులో రాజద్రోహమెక్కడ ఉన్నదో తెలియరాదు. 1956లో అలహాబాదు హైకోర్టు ఈ శాసనం వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని తేల్చినది. అయినను శాసన గ్రంథంనుండి పార్లమెంటు దానిని తొలగించినది 2018 జనవరిలోనే.

నేటికిని మండపేటలో ఆరుబయట నాటకం ఆడదలచినవారు మైకు అనుమతికై మొదట వెళ్ళవలసినది పోలీసువారి వద్దకే.