రామదాసుని లెక్క

పాతబస్తీ హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేర వెలసిన మహంకాళి దేవాలయమును దర్శించు సోదరీమణులలో, ఆ సోదరుల మేనల్లుని తలచువారు అరుదు. అతడే కంచెర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు.

మాదన్న గోలకొండ మంత్రి. 1677లో శివాజీ హైదరాబాదునకు వచ్చినపుడు సంధి నడపిన మేధావి. ఎత్తునకు పైయెత్తు నెఱిగిన అతడును అక్కన్నయు 1686లో వీథిలో హతులైరి. మఱుసటి యేటనే రాజ్యము ఔరంగజేబు వశమయ్యెను. బుద్ధిని నమ్మినందుకు దైవము శిక్షించెనందురా? మాకు సమ్మతము గాదు. మాదన్న తన పని తాను చేసెను. రేపటిది అతని చేతిలో లేదు.

గోపన్న లెక్కలెఱిగిన తహసీలుదారు. సర్కారు పైకమును భద్రాద్రి గుడికి వ్యయపఱచి (అది తప్పు కాదనలేము) చెఱసాల పాలయ్యెను, పండ్రెండేండ్లని ప్రతీతి. గోలకొండ కోటలో ఆ గదిని నేటికిని చూపుదురు. అందు అతడు మౌనముగా కూర్చుండలేదు. ఏ నగకెంత పట్టెనో రామునికే లెక్క చెప్పెను, దెప్పెను, తిట్టెను, తిట్టినందుకు మన్నింపుమని వేడెను. ఈ నిష్ఠురమే గాఢవిశ్వాసమని మా తలంపు. తనవాడు కానివానిపై ఇట్లు అలుగుట యెవరికి చెల్లును?

కూతునకు సంబంధము కుదురునా, రోగి కోలుకొనునా యని నిద్ర మాని మనము వేయు లెక్కలు వినువారెవరు? గోడలే. ‘అంతయు దైవేచ్ఛ’ యని నోరు మూయించిన మాత్రమున ఇల్లాలికి ఊరట కలుగదు. మందు వేళకు పోయుడు, వరుని గుణము విచారింపుడు. పిదప మిగిలిన దిగులును దాచక దేవునితోనే చెప్పుడు. రామదాసుని ఆ నిష్ఠురములనే గదా నేటికిని భజనలలో పాడుకొనుచున్నాము!