ఖుర్రా వేరు, లాటరీ వేరు



జుమా నమాజు తరువాత కరీంనగర్ యువకులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: “మౌలానా, హజ్ యాత్రికులను ఖుర్రా తీసి ఎంపిక చేస్తారు కదా! మరి లక్కీ డ్రా స్కీములో చేరితే తప్పేమిటి?”

చీటీ తీయడం స్వతహాగా నిషిద్ధం కాదు. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) పోషణ బాధ్యత ఎవరిదో తేల్చడానికి కలములు వేసిన వృత్తాంతం ఆలి ఇమ్రాన్ సూరాలో ఉన్నది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రయాణంలో తమ వెంట ఏ సతీమణి రావాలో చీటీ ద్వారానే నిర్ణయించేవారు. సమాన హక్కుగలవారిలో వంతు ఎవరిదో తేలుతుందే గాని, ఒకరి సొమ్ము మరొకరి పాలు కాదు. హజ్ ఖుర్రా ఈ కోవలోనిదే. అందరూ సమానంగా కట్టి, అందరూ అంతే మొత్తం తీసుకొనే, వేలంపాట లేని చిట్టీలో వంతును చీటీతో తేల్చుకున్నా అంతే.

మైసిర్ అనే జూదం ఇందుకు భిన్నం. ఇస్లాంకు పూర్వం అరబ్బులు ఒంటెను అరువుకు కొని, కోసి, 10 బాణాలను సంచిలో వేసి తీసేవారు. ఏడింటికి వాటాలుండేవి, మూడు వట్టివి. వట్టి బాణం వచ్చినవారే ఒంటె ఖరీదు చెల్లించాలి. గెలిచినవారు ఆ మాంసాన్ని బీదలకు పంచి గొప్పలు చెప్పుకొనేవారు! అందులో కొంత ప్రయోజనమున్నా పాపమే పెద్దదని అల్ బఖరా 219వ ఆయత్ తెలిపింది. అల్ మాయిదా 90వ ఆయత్ పూర్తిగా నిషేధించింది.

మేలు పేరు చెప్పి జూదం నడపడం అక్కడితో ఆగలేదు. 15వ శతాబ్దంలో నేటి బెల్జియం ప్రాంతపు పట్టణాలు కోటగోడలకు, పేదల సహాయానికి అంటూ లాటరీలు నడిపాయి. కేరళ ప్రభుత్వం 1967లో, మహారాష్ట్ర ప్రభుత్వం 1969లో ఖజానా కోసం ప్రారంభించాయి. మన రాష్ట్రంలో లాటరీకి అనుమతి లేదు. అయినా ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతలి నుండి మట్కా వస్తున్నది. బొంబాయిలో న్యూయార్క్ పత్తి ధరల అంకెలపై పందెంగా అది సాగింది. తరువాత కుండలోంచి చీటీలు తీసే ఆటగా మారి, ఆ కుండ పేరే దానికి స్థిరపడింది. పత్తి రైతు ఇంటికే ఆ జూదం చేరడం మాకు మిక్కిలి బాధ కలిగిస్తుంది.

ఇక లక్కీ డ్రా లెక్క చూడండి. 500 మంది నెలకు 1,000 రూపాయలు కడుతున్నారనుకుందాం. మొదటి నెలలోనే లక్ష రూపాయల మోటారు సైకిలు వచ్చినవాడు ఇక కట్టనక్కర లేదు. ఆ మిగతా 99,000 ఎవరివి? తక్కిన 499 మందివి. చివరకు వారికి అంటగట్టే వస్తువు కట్టిన సొమ్ముకు సరితూగదు. ఇటువంటి ప్రైజ్ చిట్లను 1978 నాటి చట్టమే నిషేధించింది.

ఇప్పటికే చేరినవారు తమ అసలు తిరిగి అడిగి బయటకు రావాలి. బహుమతి వచ్చినవారికి కట్టిన సొమ్ము మేరకే హక్కు. మిగిలినది సొంతదారులకు చేర్చాలి. వారెవరో తెలియనప్పుడు పుణ్యాపేక్ష లేకుండా బీదలకు ఇచ్చివేయాలి. మస్జిద్ చందాగా మాత్రం మా వద్దకు తేవద్దు.