గాల్లో నలభై నిమిషాలు... మిగతాదంతా నేల మీదే!

శంషాబాద్ నుంచి విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే దూరం సుమారు 265 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్-72 విమానం వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. ఆ లెక్కన అరగంటలో దిగిపోవాలి. ఎక్కడం, దిగడం కలుపుకున్నా నలభై నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట, ఒక్కోసారి ఇంకో పది నిమిషాలు ఎక్కువే ఉంటుంది.

విమాన సంస్థలు సమయాన్ని టేకాఫ్ నుంచి లెక్కపెట్టవు మరి. చక్రాలకు అడ్డంగా పెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలింది మొదలు, అవతల మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా ఉన్నదంతా ‘బ్లాక్ టైమ్’. రన్‌వే దాకా పాకడం, ముందున్నవి ఎగిరేదాకా ఆగడం, ఆలస్యమన్న మాట పడకుండా సంస్థ కలుపుకొనే వెసులుబాటు అన్నీ అందులోనివే. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలంలో పడమటి గాలి గట్టిగా ఉంటే, బెజవాడ విమానమైనా ముందు పడమటికి లేచి, ఆ తర్వాతే తూర్పుకు తిరుగుతుంది.

దూరం పెరిగితే సమయం పెరగాలన్న నియమాన్ని కూడా గాలి ఒక్కోసారి తిరగేస్తుంది. 2016లో ఎయిరిండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మానేసి పసిఫిక్ మీదుగా పంపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15 వేలు దాటింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అంటే సుమారు రెండు గంటలు ముందే చేరింది. పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోయడమే కారణం.

మన 265 కిలోమీటర్లకు అలాంటి అదృష్టం లేదు. ఇక్కడ సమయమంతా కారేది నేల మీదే. ఎల్బీనగర్ కుటుంబాన్నే తీసుకోండి. శంషాబాద్‌కు ముప్పావు గంట, విమానానికి గంటన్నర ముందు హాజరు, బ్లాక్ టైమ్ గంట, సామాను కోసం ఇరవై నిమిషాలు, గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కు మరో ముప్పావు గంట. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు! అదే ఎల్బీనగర్‌లో కారెక్కి సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్లినా ఇంచుమించు అంతే. సికింద్రాబాద్ నుంచి వందేభారత్ కూడా దాదాపు నాలుగు గంటల్లో విజయవాడలో దించుతుంది.

విశాఖ సంగతి వేరు. గాలిదారిన 510 కిలోమీటర్ల పైచిలుకు, రైల్లో వందేభారత్‌కైనా ఎనిమిది గంటలు దాటుతుంది. అక్కడ విమానానికి పోటీ లేదు. కాకపోతే పౌర విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే గాల్లో పెరిగేది రెండు మూడు నిమిషాలే గానీ, ఇప్పటి విమానాశ్రయం పక్కనే ఉన్న గాజువాక వాసి నేల మీద అరవై కిలోమీటర్ల దాకా వెళ్లాలి. కొత్త విమానాశ్రయం కట్టేవాళ్లు రన్‌వే పొడవు కంటే ముందు, అక్కడికి చేరే రోడ్డు సంగతి చెప్పాలి.

కాబట్టి టికెట్ కొనేముందు విమానం ఎంతసేపు ఎగురుతుందో చూడకండి. మీ గుమ్మం నుంచి అవతలి గుమ్మానికి ఎన్ని గంటలో కాగితం మీద కూడండి. ఎల్బీనగర్ వాళ్లయితే బెజవాడకు నిశ్చింతగా కారెక్కండి.