ఇంజను పునాదియు, దాని బోల్టులును

సంఘము తరఫున బియ్యపు మర గాని, నీళ్లు తోడు ఇంజను గాని కొనునపుడు దాని వెలను గూర్చియు, నూనె ఖర్చును గూర్చియు మనము పదిమార్లు విచారింతుము. కాని దానిని నేలకు బిగించు నాలుగు బోల్టుల సంగతి ఒక్కరును అడుగరు.

నేనొక గ్రామమున కన్నులార చూచితిని. అచ్చటి మేస్త్రి నున్నని తిన్నని కడ్డీలను జానెడు లోతున పాతి ఇంజనును బిగించెను. సరిగా మాసూళ్ల కాలమున ఒక బోల్టు కాంక్రీటు పెళ్లతో సహా ఊడివచ్చెను. మర నిలిచెను. సభ్యులు ధాన్యమును బండ్లకెత్తి పొరుగూరి మరకు తోలి, అడిగినంత కూలి యిచ్చుకొనిరి. మిగిల్చినది మూరెడు ఇనుము. పోయినది ఒక పంట కాలపు ఆదాయము.

నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఇంజను ఎనిమిది గంటలలో 3,12,000 చుట్లు తిరుగును. అన్నిమార్లును పిస్టను పీఠమును కుదుపును; బెల్టు ప్రక్కకు లాగును. ఈ కుదుపును మ్రింగునది పునాది దిమ్మ బరువే. బోల్టు పని యంత్రమును దిమ్మకు అదిమి పట్టుట. ఆ అదుముడు వలన కలుగు రాపిడియే యంత్రమును జరుగనీయదు. వదులైన బోల్టు దెబ్బలు తిని తిని తుదకు విఱుగును.

సాధారణమగు 4.6 తరగతి ఉక్కుతో చేసిన 20 మిల్లీమీటర్ల బోల్టు సుమారు 6 టన్నుల లాగుడు వఱకు సాగదు. కావున లోతు చాలనిచో ముందుగా ఓడునది కాంక్రీటు. అది గరాటు ఆకారమున పెల్లగిలును. లోతు పెరిగినకొలది ఆ గరాటు పెద్దదై పట్టు హెచ్చును. యంత్రము చేసినవారి పటములో కొలతలున్నచో వానినే అనుసరింపవలెను. లేనిచో బోల్టు లావునకు 20 రెట్ల లోతు, అనగా 20 మిల్లీమీటర్ల బోల్టునకు 400 మిల్లీమీటర్లు, ఉంచుట క్షేమము. అడుగున కొక్కెముగా వంచుటయో, వాషరు పలకతో నట్టు బిగించుటయో చేయవలెను. బోల్టు దిమ్మ అంచునకు చేరువగా ఉండరాదు.

నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంగును గనుక గట్టి నేల తగులువఱకు త్రవ్వవలెను. దిమ్మ ఇంటి గోడను తాకరాదు. కాంక్రీటు పోయునపుడు బోల్టుల చోట చెక్క పెట్టెలతో గుంటలు విడువవలెను. దిమ్మ గట్టిపడిన పిదప యంత్రమును నిలిపి, బోల్టులను వ్రేలాడదీసి, రసమట్టముతో సరిచూచి, శుభ్రపఱచి తడిపిన గుంటలలో సిమెంటు గచ్చు నింపవలెను. గచ్చు గట్టిపడకమునుపే నట్టును బిగించినచో పట్టు చెడును. కాంక్రీటునకు పూర్తి బలమునకై 28 దినముల గడువు లెక్కింతురు. మొదటి వారమైనను ఎడతెగక తడుపుచుండవలెను.

నట్టుపై రెండవ నట్టు బిగించి, మరలకు గ్రీజు పూయవలెను. వారము నడచిన తరువాత యంత్రము నాపి మరల బిగించి చూడవలెను.

పంచాయతీదార్లు మేస్త్రికి పైకము చెల్లించుటకు ముందు బోల్టు లోతెంత, అడుగున పలక గలదా, ఎన్నినాళ్లు తడిపితిరి అని అడుగుదురు గాక. గుంట పూడ్చిన పిమ్మట చూచుటకు వీలులేదు.