పాత చీరలు, ఆరు పొరలు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో ఏదో ఒక సూట్‌కేసు విప్పకుండానే ఊరు మారుతుంది. మా ఇంట్లో దానినిండా అమ్మ నేత చీరలు. అమ్మ పోయాక ఎవరం కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేకపోయాం. మూడు బదిలీలు తిరిగి రాయ్‌పూర్ చేరాయి. మన పరిభాషలో నిరర్థక ఆస్తులు! కుషన్ కవర్లు కుడదామంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు. "కత్తెర పెట్టనంటే తీసుకో, అక్కా" అంది.

కత్తెర అక్కర్లేనిది ఒకటుంది. బొంత.

ఛత్తీస్‌గఢీలో దీన్ని కథ్రీ అంటారు. సంస్కృతంలో కంథ అంటే అతుకుల బట్ట. బెంగాల్ కాంథా కూడా ఆ మాటే. పాత బట్టకు ఈ నేలమీద గౌరవం కొత్త కాదు. మహానది ఒడ్డున సిర్పూర్‌లో బౌద్ధ విహారాల శిథిలాలు చూసే ఉంటారు. భిక్షువులు కట్టే చీవరం ముక్కలు కలిపి కుట్టినదే.

లెక్క తేలిక. అయిదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, పన్నా ఎలాగూ నాలుగు అడుగులకు కాస్త తక్కువ. ఒక మనిషికి సరిపోతుంది. రెండు చీరలు తీసుకోండి. గట్టిగా ఉన్నదాన్ని నేలమీద పూర్తిగా పరవండి. అరిగినదాన్ని మూడు మడతలు వేసి దాని నడుమ పెట్టండి. ముందు ఒక కొస, ఆపైన పమిట ఉన్న కొస మడవండి. మొత్తం ఆరు పొరలు, పైన పమిట కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రులకు ఇక్కడ పైన కప్పుకోవడానికి ఇది హాయిగా ఉంటుంది.

ఏ చీర ఎంత అరిగిందో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది. కూర్చునే చోట, మడమ రాసుకునే అంచు దగ్గర జల్లెడలా ఉంటుంది. కుచ్చిళ్ల లోపలి భాగం మాత్రం కొత్తదే అనిపిస్తుంది. మా అమ్మ చీరల్లో ఒకదానికి కుడివైపు నడుము దగ్గర చిన్న పసుపు మరక, వంటింట్లో చెయ్యి తుడుచుకునే చోటు. అది పైపొరలోనే ఉండాలని చెల్లెలు పట్టుబట్టింది. ఉంచాం.

కుట్టే ముందు ఉతికి గంజి పోగొట్టాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. పొరలన్నీ కదలకుండా నడుమనుంచి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వేస్తూ పోతే ముడతలు బయటికి జరిగిపోతాయి. ఆ తర్వాతే అసలు కుట్టు: అంగుళం దూరంలో వరసలు, పొడుగు సూది, నూలు దారం. గట్టి పాలిస్టర్ దారం పాత నూలును కోసేస్తుంది. కుట్టుమిషను మీద కూడా అవుతుంది గానీ, అంత మందాన్ని పాదం కింద తిప్పడం పెద్ద పని. చేత్తోనే నయం. రోజుకు రెండు వరసలు చొప్పున మాకు నెలన్నర పట్టింది.

నూలు, పాలిస్టర్ చీరలు కలపొద్దు. ఉతికాక నూలు కుదించుకుపోతుంది, రెండోది కదలదు, బొంత ముడుచుకుపోతుంది. వేడిగిన్నెలు దించే గుడ్డలకైతే పాలిస్టర్ అసలే పనికిరాదు, కరుగుతుంది.

మన ఆఫీసు చొక్కాల్లో ముందు పోయేవి కాలరు, కఫ్‌లు. మిగతాది బాగానే ఉంటుంది. గుండీల పట్టీ మధ్యకు వచ్చేలా ముందు భాగంనుంచి 17 అంగుళాల చదరం, వీపునుంచి మరొకటి కోయండి. మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, అర అంగుళం లోపలికి నాలుగువైపులా కుట్టి, గుండీలు విప్పి తిరగతీస్తే 16 అంగుళాల కుషన్ కవరు. జిప్పు ఖర్చు లేదు. దారం, సూదులు పండ్రి బట్టల మార్కెట్‌లో దొరుకుతాయి. ముక్కలు కావాలంటే మీ దర్జీనే అడగండి, వద్దనడు.

బొంత ఉతికినప్పుడు ఇద్దరుండాలి, తడిస్తే ఒక్కరివల్ల కాదు. పిండకుండా రెండు తాళ్లమీద పరిచి, నీడలో ఆరేయండి. మే నెల రాయ్‌పూర్ ఎండకు ఏ రంగూ ఆగదు.